వంటలోకి ఏ టీ మేలు? డస్టా, ఆకా, బ్యాగా?

పంజాబీ చోలే వీడియో చూసిన ప్రతివాళ్ళకీ వచ్చే సందేహమే ఇది. శెనగల్లో టీ పొడి ఏమిటి? సరే వేద్దామనుకున్నా, ఏ టీ వేయాలి? ఇంట్లో ఉన్న చాయ్ పొడి సరిపోతుందా, ఒక టీ బ్యాగు పడేస్తే చాలా, గ్రీన్ టీ అయితే ఇంకా మంచిదా?

అన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పేవాళ్ళని నమ్మకండి. వంటలో టీ మూడు రకాల పనులు చేస్తుంది. కొన్ని వంటల్లో రంగు కోసం, కొన్నిటిలో వాసన కోసం వేస్తారు. కొన్నిచోట్ల ఆకునే కూరలా తింటారు. రంగుకి పనికొచ్చిన టీ వాసనకి దండగ. వాసన ఇచ్చే ఆకు నమిలితే చేదు. అందుకే ఏ వంట చేస్తున్నారో చెప్తే గానీ ఏ టీ మేలో తేలదు.

ముందు రంగు సంగతి. ఇందులో మన మామూలు డస్ట్ టీదే పైచేయి. 1930ల్లో అస్సాంలో మొదలైన సీటీసీ పద్ధతిలో టీ ఆకుని పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చిన్న గింజల్లా చుడతారు. అందులో మరీ సన్నటి గింజలే డస్ట్. గింజ ఎంత చిన్నదైతే రంగు, వగరు అంత త్వరగా నీళ్ళలోకి దిగుతాయి. బోలెడు పాలు పోసినా తట్టుకుని నిలబడే టీ కదా, శెనగలకి రంగు పట్టించడం దానికి ఒక లెక్కా! డార్జిలింగ్ ఆకు టీని మాత్రం చోలేలో వేయకండి. దానికి అంత డబ్బు పోసేది సువాసన కోసం. ఆ సువాసన కాస్తా గరం మసాలా, నల్ల యాలకుల మధ్య పత్తా లేకుండా పోతుంది.

చోలేకి రంగు తెచ్చే దారులు నాలుగున్నాయి. ఎక్కువమంది పాటించేది మూట. పల్చటి గుడ్డలో రెండు చెంచాల టీ పొడి కట్టి, శెనగలతోపాటు కుక్కర్లో వేస్తారు. చూడ్డానికి బాగుంటుంది కానీ డస్ట్ టీ గింజలు మరీ సన్నం. గుడ్డ కాస్త వదులుగా నేసిందైనా, ముడి కొంచెం సడలినా కూర నిండా నల్లటి పలుకులే. నమిలితే ఇసుకలా తగులుతాయి, వడకట్టడానికీ కుదరదు. పైగా మూట కుక్కర్లో ఉన్నంతసేపూ వగరు దిగుతూనే ఉంటుంది. నాలుగు విజిళ్ళలో రంగు ఎంత వచ్చిందో, వగరు ఎంత ఎక్కిందో మూత తీసేదాకా తెలీదు.

రెండోది టీ బ్యాగు. సులువే, కానీ నా ఓటు దానికి పడదు. దారం, అట్టముక్క తీసేసినా, కొన్ని కంపెనీల బ్యాగులకి పిన్ను ఉంటుంది. అంతకన్నా పెద్ద సమస్య సంచీతోనే. కొన్ని బ్యాగులు నైలాన్‌తోనో, పెట్‌ ప్లాస్టిక్‌తోనో చేసినవి. 2019లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు అలాంటి బ్యాగుల్ని 95 డిగ్రీల నీళ్ళలో నానబెట్టి చూస్తే, ఒక్కో బ్యాగు నుంచి వెయ్యి కోట్లకు పైగా సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు బయటపడ్డాయి. కుక్కర్లో వేడి వంద డిగ్రీలు దాటుతుంది. మీ దగ్గరున్నది కాయితం బ్యాగే అయినా, అంచులు అతికించడానికి ప్లాస్టిక్ వాడారో లేదో పెట్టె మీద చూసి చెప్పడం కష్టం. బ్యాగు తప్ప ఇంకేం లేకపోతే చింపి, లోపలి పొడి వాడుకోండి.

మూడోది విడిగా డికాక్షన్ కాచి పోయడం. టీతో చేసేట్టయితే ఇదే మేలు. పావు కిలో కాబూలీ శెనగలు రాత్రి నానబెట్టుకోండి. పొద్దున ఒక గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల టీ పొడి వేసి మూడు నాలుగు నిమిషాలు మరిగించి, చాయ్ వడకట్టే జల్లెడతోనే వడకట్టి కుక్కర్లో పోయండి. రంగు ఎంత కావాలో మీ చేతిలో ఉంటుంది, తక్కువనిపిస్తే ఇంకాస్త పోసుకోవచ్చు. చిటికెడు తినే సోడా కూడా పడాలి. సోడా శెనగల్ని మెత్తబరుస్తుందని అందరికీ తెలుసు, టీ రంగుని ముదరబెడుతుందని మాత్రం చాలామంది గమనించరు. పులుపుది దీనికి పూర్తి వ్యతిరేకం. నల్ల చాయ్‌లో నిమ్మకాయ పిండితే రంగు తేలిపోవడం చూసే ఉంటారు. కాబట్టి టమాటా, ఆమ్‌చూర్, దానిమ్మ గింజల పొడి ఏవైనా శెనగలు ఉడికాకే వేయాలి. ముందే వేస్తే రంగూ రాదు, శెనగలూ ఒక పట్టాన ఉడకవు.

నాలుగోది అసలు టీయే కాదు, ఎండు ఉసిరి. ఉత్తరాదిన దీన్ని శెనగల్లో విరివిగా వాడతారు. మన దగ్గర ఆయుర్వేద సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది. ఉసిరిలోనూ టీలో ఉన్నట్టే వగరునిచ్చే టానిన్లున్నాయి. టానిన్‌కి ఇనుము తగిలితే నలుపు పుడుతుంది, పాతకాలం సిరా తయారైంది ఆ కిటుకుతోనే. అందుకని ఎండు ఉసిరి వేసి ఉడికించిన శెనగల్ని ఇనుప మూకుడులోకి మార్చి మసాలాతో మగ్గిస్తే, ఢిల్లీ బండి మీద కనిపించే ఆ నలుపు వస్తుంది. పైగా టీ ఇవ్వలేని ఒక సన్నటి పులుపు కూరకి అందుతుంది. నాలుగైదు ముక్కలు చాలు, ఎక్కువైతే శెనగలు ఉడకడానికి మొరాయిస్తాయి. రుచి పరంగా నేను ఉసిరికే మొదటి స్థానం ఇస్తాను, డికాక్షన్‌కి రెండోది.

ఆరోగ్యం వైపు నుంచి ఒక ముక్క. టీలోని పాలీఫినాల్స్ (టానిన్లూ వీటిలో ఒక రకమే) శెనగల్లాంటి శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువని మందులు వాడుతున్నవాళ్ళున్న ఇంట్లో చోలేకి నలుపు ఎందుకు, తెల్లగానే వండుకోవచ్చు. ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడే విటమిన్ సి ఉసిరిలో ఉంది కదా అంటారేమో, ఎండబెట్టి, మళ్ళీ ఉడకబెట్టాక అందులో మిగిలేది తక్కువే. ప్లేట్లో వడ్డించాక నిమ్మకాయ పిండుకోవడమే సరైన పద్ధతి, కూర రంగు కూడా చెడదు. ఇక కెఫీన్ గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. రెండు చెంచాల పొడి నలుగురికి పంచితే తలా అర కప్పు చాయ్ తాగినట్టు. పిల్లలకి రాత్రిపూట పెట్టకపోతే చాలు.

రంగూ వాసనా రెండూ కలిసి వచ్చే వంట చైనావాళ్ళ టీ గుడ్లు. అక్కడ వీధి బండ్ల మీద పెద్ద పాత్రల్లో మరుగుతూ కనిపిస్తాయి. గుడ్లు ఉడికించి, పెంకు తీయకుండా గరిటె వెనక వైపుతో చుట్టూ సున్నితంగా కొడతారు. పెంకు మొత్తం బీటలు వారాలి, ఊడి రాకూడదు. తర్వాత టీ, సోయా సాస్, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసిన నీళ్ళలో చిన్న మంట మీద ఉంచి, అదే నీళ్ళలో రాత్రంతా వదిలేస్తారు. పొద్దున పెంకు ఒలిస్తే తెల్లసొన మీద గోధుమరంగు గీతలు పాలరాతి చారల్లా తేలతాయి. దీనికి ఆకు టీయే మంచిది. డస్ట్ వేస్తే పొడి బీటల్లోకి దూరి చారలు మసకబారతాయి, అన్ని గంటలు నానితే వగరు కూడా గుడ్డులోకి ఎక్కుతుంది. ఖరీదైన ఆకు అక్కర్లేదు, నీలగిరి ఆకు టీ భేషుగ్గా సరిపోతుంది.

పాల స్వీట్లలోకి వస్తే మళ్ళీ డస్టే. కుల్ఫీ, కస్టర్డ్, పాయసం ఏదైనా సరే, పాలలోని ప్రొటీన్ టీ వగరుని పట్టేసుకుంటుంది కాబట్టి గట్టి టీ అయితేనే రుచి తెలుస్తుంది. అల్లం కూడా వేసేట్టయితే ముందు నీళ్ళలో మరగనిచ్చి వేయండి, పచ్చి అల్లానికి పాలు విరుగుతాయి. బిస్కెట్లు, కేకుల్లో మాత్రం, ఇందాక వద్దన్న టీ బ్యాగే గెలుస్తుంది. అందులో ఉండేది సన్నటి పొడి, పిండిలో కలిపేస్తే పంటికి తగలదు. ఆకు టీ మిక్సీలో వేసినా పుల్లలు మిగులుతాయి. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె వాసన పట్టిన ఎర్ల్ గ్రే టీ దీనికి బాగుంటుంది, నూనె ఘాటు కాబట్టి ఓవెన్ వేడికి కొంత పోయినా ఇంకా మిగులుతుంది.

గ్రీన్ టీని మరిగించే వంటలో వేయకండి. 70–80 డిగ్రీల నీళ్ళు చాలిన ఆకు అది, కుక్కర్లో పెడితే చేదు తప్ప ఏమీ రాదు. చైనాలోని హాంగ్‌జౌలో రొయ్యల్ని లాంగ్‌జింగ్ అనే గ్రీన్ టీతో వండుతారు కానీ అక్కడ వాడేది లేత మొగ్గలు, వేయించేది క్షణాల్లో. మనకి దొరికే గ్రీన్ టీకి కుదిరే పద్ధతి జపాన్‌లో ఉంది. చద్దన్నంలో మజ్జిగ పోసుకున్నట్టు వాళ్ళు మిగిలిన అన్నంలో వేడి గ్రీన్ టీ పోసుకుని, ఉప్పులో ఊరిన పుల్లటి ఉమెబోషి కాయ నంజుకుంటారు. దాని బదులు మన ఉప్పు నిమ్మకాయ ఊరగాయ చక్కగా సరిపోతుంది. ఆవకాయ వద్దు, ఆ కారం ముందు టీ నిలవదు.

ఆకునే తినాలంటే బర్మావాళ్ళ లఫెట్‌దే మేలైన దారి. లేత టీ ఆకుల్ని ఆవిరి మీద ఉడికించి, గాలి తగలకుండా నొక్కి, నెలల తరబడి పులియబెడతారు. తర్వాత వేయించిన వెల్లుల్లి, పల్లీలు, నువ్వులు, బఠానీలు, ఎండు రొయ్యలతో కలుపుకుంటారు. ఒకప్పుడు కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్ వెళ్ళి బతికిన తెలుగువాళ్ళకి ఈ వంటకం కొత్తేమీ కాదు. చాయ్ కాచిన ఆకుని ఉప్పు, నూనె కలిపి లఫెట్ అని చెప్పే రెసిపీలు మాత్రం వదిలేయండి. రసం దిగిపోయిన ఆ పిప్పి గులాబీ మొక్కకి వేయడం మేలు.

డస్ట్ టీ విడిగా తూచి కొనేవాళ్ళు వంటలో వేసేముందు ఒకసారి పరీక్షించండి. వాడేసిన పొడిని ఎండబెట్టి, రంగు వేసి మళ్ళీ అమ్మే మోసం ఉంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన పద్ధతి సులువైనదే. ఫిల్టర్ కాగితం మీద కొంచెం పొడి పరిచి, నీళ్ళు చిలకరించి తడపాలి. ఆ తర్వాత కాగితాన్ని కుళాయి కింద కడిగి, వెలుతురుకి పట్టి చూడాలి. మంచి టీ అయితే మరక పడదు. రంగు వేసిన పొడి అయితే కాగితం తడవగానే మరక తేలుతుంది.