జాగ్రత్త: సబ్బునీళ్ళ పరీక్ష చూడకుండా వాడిన డ్రైసూట్ కొనకండి

సియాటిల్ వైపు కొత్తగా డైవింగ్ మొదలుపెడుతున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దయచేసి డబ్బు కట్టేముందు చదవండి.

నాలాగే మీలో కొందరు అండమాన్‌లోనో రుషికొండలోనో గోరువెచ్చటి నీళ్ళలో నేర్చుకుని ఉంటారు. ఇక్కడ సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో మార్చి నెలలో నీళ్ళు 8 డిగ్రీల సెల్సియస్. వేడిని ప్రసరింపజేసే గుణం గాలికన్నా నీళ్ళకు దాదాపు పాతిక రెట్లు ఎక్కువ కాబట్టి ఒంటి వేడిని త్వరగా లాగేసుకుంటాయి. అందుకే డ్రైసూట్, అంటే నీళ్ళు లోపలికి రాకుండా ఒంటిని పొడిగా ఉంచే డైవింగ్ సూట్. కొత్తది కొనాలంటే చెయ్యి కాలుతుంది కాబట్టి నేను వాడినది వెతికాను. ఆన్‌లైన్‌లో ఒకాయన 700 డాలర్లకు ట్రైలామినేట్ (మూడు పొరల బట్ట) సూట్ పెట్టాడు. "ఇరవై డైవ్‌లే అయ్యాయి, కొత్తదాని కిందే లెక్క" అన్నాడు. ఫోటోలో మెడ దగ్గర లేటెక్స్ సీలు (నీళ్ళు దూరకుండా బిగుతుగా పట్టే రబ్బరు పట్టీ) నల్లగా నిగనిగలాడుతోంది. ఆ నిగనిగ చూసే నమ్మాను.

మొదటి డైవ్ సియాటిల్‌లో ఆల్కై దగ్గర కోవ్ 2 అనే డైవింగ్ చోట. ఆక్టోపస్ గూడు చూద్దామని దిగాం. 15 మీటర్ల లోతుకు చేరిన కాసేపటికి రెండు భుజాల మధ్య సన్నగా, చల్లగా ఏదో పాకింది. మొదట లోపల వెచ్చదనానికి వేసుకునే అండర్‌సూట్ మడత పడిందేమో అనుకున్నాను. ఇంకో రెండు నిమిషాలకు ఆ చల్లదనం వెన్నెముక వెంట నడుము దాకా దిగింది. పైకి తిరుగుదామని బడ్డీకి (జతగా దిగిన డైవర్‌కి) సైగ చేసేసరికే దవడ వణుకుతోంది, వేళ్ళు బిగుసుకుపోయాయి. పైకి వచ్చేముందు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ దగ్గర మూడు నిమిషాలు మూడు గంటల్లా గడిచాయి. పైకి వచ్చేటప్పుడు ఒళ్ళు చల్లబడితే ఒంట్లో నైట్రోజన్ బయటికి పోవడం కూడా నెమ్మదిస్తుంది, బెండ్స్ (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు) ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి దీన్ని ఒట్టి చలి బాధ అనుకోకండి. లోపలికి చేరిన నీళ్ళ బరువు నీటిలో ఉన్నంతసేపూ తెలియలేదు. ఒడ్డున మెట్లెక్కుతుంటే కాళ్ళు లేవలేదు. మా బడ్డీయే నా క్లిప్పులు విప్పాడు.

ఫోన్ చేస్తే అమ్మినాయన "అది మీ చెమటే అయ్యుంటుంది" అన్నాడు. చెమటయితే ఒళ్ళంతా పలచగా తడుస్తుంది. నా అండర్‌సూట్ వీపు భాగం పిండితే బకెట్లోకి ధారగా కారింది. చేతులు మాత్రం పొడిగానే ఉన్నాయి. తరవాత నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ సాయంత్రం గరాజ్‌లో చేసిన పరీక్షే కొనేముందు చెయ్యాల్సింది. రెండు మణికట్టు సీళ్ళలో సీసాలు, మెడలో మా పాప రబ్బరు బంతి బిగించి, జిప్పు మూసి, చేతి మీది గాలి వదిలే వాల్వ్ కట్టేసి, ఛాతీ మీది గాలి నింపే ఇన్‌ఫ్లేటర్‌తో కొద్దిగా గాలి పట్టించాను. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు చల్లుతూ పోయాను. వీపు జిప్పు చివర బుడగలు చీమల బారులా లేచాయి. అక్కడ వేలి మీద జిప్పును మెల్లగా వంచి చూస్తే ఒక పన్ను పక్కకు జరిగి ఉంది, దాని పక్క బట్టలోంచి వెంట్రుకల్లాంటి దారాలు బయటికి వచ్చాయి. ఎక్కడో మడతపెట్టి పడేసి ఉంటాడు. ఇత్తడి జిప్పు మడత పడిందంటే అక్కడే చెడుతుంది.

మెడ సీలు సంగతి ఇంకా ఘోరం. రిపేరు షాపులో చూపిస్తే పాతబడ్డ లేటెక్స్ మీద సిలికాన్ స్ప్రే కొట్టి మెరిపించారని చెప్పారు. తుడిచాక వేళ్ళతో సాగదీస్తే నెరియలు విచ్చిన పొలంలా సన్నటి పగుళ్ళు. అంతకన్నా నష్టం ఏంటంటే, సిలికాన్ పట్టిన చోట కొత్త సీలు అతికే జిగురు సరిగ్గా పట్టదట. శుభ్రం చేసే కూలీ, సీలు, జిప్పు కలిపి 520 డాలర్లు అడిగారు.

అందుకని ఫోటోలు చూసి కొనకండి. స్వయంగా వెళ్ళండి. సీలు వేలికి జిగురుగా అంటుకున్నా, మరీ నున్నగా జారుతున్నా అనుమానించండి. లేటెక్స్ వాడకపోయినా ఎండకీ గాలికీ పాడవుతుంది, కాబట్టి "ఇరవై డైవ్‌లే" అన్న మాట కన్నా సీలు ఏ ఏడాది మార్చారన్నదే అడగండి. సూట్ వేసుకుని మోకాళ్ళ మీద కూర్చోండి, చేతులు తల వెనక్కి పెట్టి చూడండి. ట్రైలామినేట్ సాగదు, లోపల దళసరి అండర్‌సూట్ కూడా పట్టాలి. ఆ అండర్‌సూట్ కూడా నూలుది కాకుండా ఫ్లీస్‌దో థిన్సులేట్‌దో (వెచ్చగా ఉంచే సింథటిక్ రకాలు) ఉండాలి. గాలి పట్టించి చూపించడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి, ఎంత చవకైనా సరే.

బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఎవరైనా కొనబోతుంటే కింద కామెంట్ పెట్టండి. శని, ఆదివారాల్లో నా సిలిండరు, సబ్బునీళ్ళ సీసా తీసుకుని నేనే మీతో వస్తాను.