స్టవ్వును చూసి బస ఎంచుకోవడం: నార్కండ నుంచి కాజా దాకా

చలికాలంలో హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్, స్పితి లోయలకు వెళ్లేవారు గది మాట్లాడుకునేటప్పుడు కిటికీలోంచి ఏ శిఖరం కనిపిస్తుందని అడుగుతారు. గదిలో కట్టెల స్టవ్వు ఎలాంటిదో ముందు అడగాలని నా అభిప్రాయం. ఫిబ్రవరి చివర షిమ్లా నుంచి నార్కండ, కల్ప, నాకో, టాబోల మీదుగా కాజా దాకా వెళ్లిన ఈ ప్రయాణంలో నాకు అందుకు మరో కారణం కూడా ఉంది. నార్కండ దగ్గర ఆపిల్ తోట ఉన్న మిత్రుడొకరు తోటలోనే పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న చెక్క గది కట్టిస్తున్నారు. దానికి ఎలాంటి స్టవ్వు సరిపోతుందో ఊరూరా గమనించి చెప్పమని నన్ను కోరారు.

నార్కండలో నేను దిగిన హోటల్లో కరెంటు హీటరు తప్ప మరేమీ లేదు. మంచు పడిన రాత్రి కరెంటు పోయింది, దానితోపాటు వెచ్చదనమూ పోయింది. ఆ బస గురించి అంతకు మించి చెప్పవలసింది లేదు.

దాదాపు 2,900 మీటర్ల ఎత్తున, కిన్నర్ కైలాస శ్రేణికి ఎదురుగా ఉన్న కల్పలో దొరికిన చెక్క గది చూడముచ్చటగా ఉంది. హిమాచల్‌లో తందూర్ అని, కశ్మీరులో బుఖారీ అని పిలిచే పొగగొట్టపు ఇనుప స్టవ్వు అక్కడ గది మూలన ఉంది. పలుచని రేకుతో చేసినది కావడం వల్ల వెలిగించిన కాసేపటికే గదంతా వేడెక్కి, దుప్పట్లు పక్కన పెట్టవలసి వచ్చింది; మంట తగ్గగానే అంతే త్వరగా చల్లారి, అర్ధరాత్రి దాటేసరికి గదిలో ఊపిరి పొగలా కనిపించింది. నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఆ స్టవ్వు దేవదారు గోడకు జానెడు దూరంలో ఉండడం. ప్రామాణిక పరీక్షల ధ్రువీకరణ లేని స్టవ్వుకూ, కాలే స్వభావమున్న గోడకూ మధ్య 36 అంగుళాల ఖాళీ ఉండాలని అమెరికా అగ్నిభద్రతా నియమాలు చెబుతాయి. గోడకు అంగుళం ఎడంగా, వెనక గాలి ఆడేలా రేకు తొడుగు బిగిస్తే ఆ దూరాన్ని 12 అంగుళాల దాకా తగ్గించుకోవచ్చు. చెక్క గోడ ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతూ, క్రమంగా తక్కువ వేడికే అంటుకునే స్థితికి చేరుతుంది. కాబట్టి ఇన్నాళ్లూ ఏమీ కాలేదన్న మాట చెక్క గది విషయంలో భరోసా ఇవ్వదు. కట్టెలకు వేరే డబ్బు తీసుకుంటారన్న సంగతి కూడా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

నాకోలో, ఆ తర్వాత స్పితి ఊళ్లలో పద్ధతి పూర్తిగా వేరు. చెట్లు లేని ఆ ఎడారి లోయకు కట్టెలు చాలావరకు కింది ప్రాంతాల నుంచి లారీల్లో రావలసిందే. పశువుల పేడ పిడకలు వాటికి తోడు. అందుకే అక్కడి వారు గదికో స్టవ్వు పెట్టరు. ఇంటి మధ్య గదిలో ఒకే తందూర్ ఉంటుంది. దాని మీదే వంట అవుతుంది, నీళ్లు కాగుతాయి, చుట్టూ ఇంటివారూ అతిథులూ కూర్చుంటారు. గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టే ఆ రోజుల్లో స్టవ్వు మీద ఎప్పుడూ వేడిగా ఉండే నీళ్ల గిన్నె ఎంత పెద్ద సౌకర్యమో అక్కడ ఉన్నవారికే తెలుస్తుంది. 996లో స్థాపించిన మఠం ఉన్న టాబోలో నేను బస చేసిన ఇల్లు ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది: మందపాటి మట్టి గోడలు, దక్షిణపు ఎండ, మధ్య గదిలో తందూర్. ఏకాంతం కావాలనుకునే వారికి ఆ ఏర్పాటు ఇబ్బందిగా ఉండవచ్చు, పడక గదులు రాత్రి చల్లగానే ఉంటాయి. అయినా పిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి కాజా హోటళ్ల కన్నా దీన్నే సూచిస్తాను. కాజాలో దిగిన చోట స్టవ్వు పెద్దదే గాని, గాలి దారి మూసి పచ్చి కట్టెలను రాత్రంతా సన్నగా మగ్గనిచ్చారు. అలా మగ్గిన కట్టె వేడినివ్వకపోగా పొగగొట్టం లోపల తారు పేరుస్తుంది, ఆ తారు ఎప్పుడో ఒకనాడు గొట్టంలోనే అంటుకుంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పొగగొట్టం లేని బొగ్గుల కుంపటిని మూసిన గదిలో ఎక్కడా ఒప్పుకోకూడదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన లంబసింగిలో గుడారాల్లో పడుకునేవారికీ ఇదే వర్తిస్తుంది.

మిత్రుడికి నేను చెప్పిన సలహా ఇది. ఎనిమిదడుగుల ఎత్తున్న ఆ గది ఘనపరిమాణం దాదాపు 27 ఘనపు మీటర్లు. 14 ఘనపు మీటర్లకు ఒక కిలోవాట్ అన్న వాడుక లెక్కతో రెండు, నార్కండ చలిని బట్టి మూడు కిలోవాట్ల స్టవ్వు చాలు. బాగా ఆరిన కట్టె కిలోకు సుమారు నాలుగు కిలోవాట్ గంటల శక్తినిస్తుంది గనుక, మంచి స్టవ్వులో గంటకు కిలో కట్టెతో ఆ వేడి వస్తుంది. పెద్దది కొని మూసి మగ్గబెట్టడం కన్నా చిన్నదాన్ని నిండు మంటతో నడపడమే మేలు. 1853 నుంచి ఉన్న నార్వే యోతుల్, డెన్మార్క్ మోర్సో కంపెనీల పోత ఇనుప స్టవ్వులు వేడిని చాలాసేపు నిలుపుతాయి గాని, వాటిని అంత దూరం తెప్పించడం, విడిభాగాలు సంపాదించడం కష్టం. అందుకే స్థానిక వెల్డింగు పనివారి చేతనే నాలుగైదు మిల్లీమీటర్ల ఉక్కు పలకతో, లోపల మంట వేడిని తట్టుకునే ఇటుకలు పరిచి, మంట నేరుగా గొట్టంలోకి పోకుండా పైన అడ్డుపలక పెట్టించి చేయించమన్నాను. తలుపు అంచున గాలి చొరకుండా తాడు సీలు, గాలిని సవరించే మీట, బయటి నుంచి స్టవ్వుకు గాలి తెచ్చే చిన్న గొట్టం ఉండాలి. పొగగొట్టం పైకప్పును దాటిన చోటు నుంచి కనీసం మూడడుగులు, చుట్టూ పదడుగుల లోపు ఉన్న కప్పు ఏ భాగం కన్నా రెండడుగులు ఎత్తుగా పోవాలి. కప్పు గుండా పోయే చోట రెండు పొరల గొట్టం వాడాలి. తోటలో కత్తిరించిన ఆపిల్ కొమ్మలు మంచి కట్టెలే, అయితే చీల్చి కప్పు కింద ఏడాదికి తక్కువ కాకుండా ఆరబెట్టాలి. తేమ 20 శాతం దాటిన కట్టెను స్టవ్వులో పెట్టకూడదు.

అదే దారిలో చలికాలం వెళ్లేవారు గది ఖరారు చేసుకునే ముందు ఫోనులో మూడు సంగతులు అడగాలి: స్టవ్వు పడక గదిలో ఉందా లేక ఉమ్మడి గదిలోనా; కట్టెల ఖర్చు అద్దెలో కలిసిందా; పొగగొట్టాన్ని ఈ శీతకాలంలో శుభ్రం చేశారా. మూడో ప్రశ్నకు నార్కండకు ఎగువన ఒకే ఇంటి యజమానురాలు తడుముకోకుండా జవాబిచ్చారు, ఆమె ఇల్లే నేను పైన చెప్పిన టాబో ఇల్లు.