త్రీడీ మోడల్ చేయడానికి ఓరుగల్లా, గండికోటా?

శిథిల కోటను ఫొటోలతో త్రీడీ మోడల్‌గా కట్టాలని మొదటిసారి బయల్దేరేవాళ్లు ముందు ఓరుగల్లుకే వెళ్లాలి. గండికోట గోడ పెన్నా లోయ అంచున ఉంది. లోపలి ముఖం తేలిగ్గానే వస్తుంది. లోయ వైపు ముఖానికి డ్రోన్ తప్పదు, లోయ గాలికి చిన్న డ్రోన్ నిలకడగా ఉండదు. రెండూ భారత పురావస్తు శాఖ (ఏఎస్ఐ) రక్షిత కట్టడాలే కాబట్టి డ్రోన్‌కే కాదు, ట్రైపాడ్‌కూ ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. గేటు దగ్గర అడిగితే పని జరగదు.

ఓరుగల్లులో కీర్తితోరణాల మధ్య స్వయంభూ ఆలయం శకలాలు నేలమీదే ఉన్నాయి. ఒక్కో రాయి చుట్టూ తిరిగి తీయొచ్చు. గ్రానైట్ గరుకుదనం ఫొటోలను కలిపి మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్‌కు బాగా అందుతుంది. నునుపు చేసిన నల్లరాయి మాత్రం మెరుస్తుంది, మోడల్‌లో అక్కడ గుంటలు పడతాయి. లెన్స్‌కు మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పెట్టండి, వీలైతే మబ్బు పట్టిన పూట తీయండి.

అసలు చిక్కు తోరణాలతోనే. నాలుగూ ఒకే పోలిక, ప్రతిదానికీ ముందూ వెనకా దాదాపు ఒకటే. సాఫ్ట్‌వేర్ మెటాషేప్ అయినా మెష్‌రూమ్ అయినా రెండు ముఖాలనూ ఒకటిగా అతికించేస్తుంది. అందుకే ఒక్కో తోరణాన్ని వేరే ప్రాజెక్టుగా నడపాలి. కోడెడ్ టార్గెట్లు (సాఫ్ట్‌వేర్ వేటికవి గుర్తుపట్టే గుర్తులు) ప్రింట్ చేసి స్తంభాల పాదాల దగ్గర నేలమీద పెట్టాలి. రాతికి జిగురు, టేపు అంటించడం ఎంతమాత్రం తగదు.

ఇక రాతిగోడ, 45 బురుజులు. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24 మి.మీ. లెన్స్‌తో 10 మీటర్ల దూరంలో నిలబడితే ఫ్రేమ్‌లో 15 మీటర్ల గోడ పడుతుంది, ఒక్కో పిక్సెల్ 2.5 మి.మీ. అవుతుంది. ఫొటోకూ ఫొటోకూ 80 శాతం అతివ్యాప్తి కావాలంటే 3 మీటర్లకొకటి తీయాలి, బురుజు వంపులో 1.5 మీటర్లకొకటి. ఎపర్చర్ ఎఫ్8, ఐఎస్ఓ 100, ఫోకస్ మార్చకూడదు. నిలబడిన చోటే తిరుగుతూ తీసిన ఫొటోల్లో లోతు దొరకదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గోడకు ఎదురుగా మాత్రమే తీస్తే పొడవాటి గోడ మోడల్‌లో విల్లులా వంగుతుంది. ఏటవాలుగా మరో వరస తీయండి. 1 మీటరు స్కేల్ బార్లు (పొడవు కచ్చితంగా తెలిసిన కొలబద్దలు) మూడు పెట్టి, రెండింటితో కొలత ఇచ్చి మూడోదానితో సరిచూడండి.

బస సంగతి కూడా పని మీద ఆధారపడింది. ఆ రోజు ఫొటోలను ఆ రాత్రే తక్కువ నాణ్యతలో అలైన్ చేసి (సాఫ్ట్‌వేర్‌తో ఒకదానితో ఒకటి జతకలిపి) చూస్తే, తప్పిపోయిన చోట్లను పొద్దున్నే మళ్లీ తీయొచ్చు. ఓరుగల్లుకు హనుమకొండలో దిగితే కార్డ్ రీడర్, హార్డ్ డిస్క్ ఏది పోయినా ఊళ్లోనే దొరుకుతుంది. గండికోటలో హరిత హోటల్ కోటకు దగ్గర, తెల్లవారు వెలుగు అందుకోవడానికి అంతకన్నా అనువైనది లేదు. కానీ ఒక్క కేబుల్ పాడైతే జమ్మలమడుగు దాకా వెళ్లాలి, జత సామాను వెంట ఉంచుకోండి.

త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో పునర్నిర్మించేటప్పుడు నిలిచి ఉన్న రాయి ఒక రంగు, శకలాల నుంచి తిరిగి పేర్చింది ఇంకో రంగు, ఊహ వేరే రంగు. ఊహించిన భాగాన్ని పారదర్శకంగానే వదలండి.