దవాఖాన పరిశోధనలో మన వంతు: రక్తం ఇవ్వడమా, ఊళ్లో తిరగడమా, కమిటీలో కూర్చోవడమా?

ఈ నెలలో ఈ ప్రశ్న నాకు రావడం నాలుగోసారి. మొదట అడిగింది అంకీసలో కిరాణం దుకాణం నడిపే మా ఆడబిడ్డ కొడుకు, ఆ తర్వాత నా దగ్గర చదువుకున్న ఇద్దరు పిల్లలు, మొన్న మా వీధిలో పాలు పోసే ఆమె కూడా. అందరిదీ ఒకటే మాట: "దవాఖానోళ్లు పరిశోధన అంటున్నరు, రక్తం ఇయ్యమంటున్నరు, ఊళ్లో పని చెయ్యడానికి మనుషులు కావాలంటున్నరు, ఎవరో కమిటీ అంటున్నరు. ఏది మేలు టీచరమ్మా?"

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తం జబ్బు సికిల్ సెల్ అంటే ఏమిటో, దాని రక్తపరీక్ష శిబిరం ఎలా జరుగుతుందో మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న మా గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. నేను రిటైరయ్యాక రెండేళ్లు ఊళ్లో తిరిగే పని చేశాను. గత ఏడాది నుంచి, పరిశోధన కాగితాల్లో తప్పొప్పులు చూసే ఒక దవాఖాన ఎథిక్స్ కమిటీలో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. అంటే నేను ఎటు మొగ్గుతానో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది, అయినా మిగతావాటికి అన్యాయం చేయకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు రక్తం ఇవ్వడం సంగతి. పది నిమిషాల పని, అది లేకపోతే ఏ పరిశోధనా లేదు. మన చేతికి సూది తగలకుండా మన రోగానికి మందు రావాలంటే ఎట్లా వస్తుంది? పైగా ఇందులో మన హక్కులు గట్టివి. సంతకం పెట్టిన కాగితం ప్రతి ఒకటి మన చేతికి ఇవ్వాలి, చదవడం రాని వాళ్లు వేలిముద్ర వేస్తే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనే ఉండాలి, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు తప్పుకోవచ్చు, తప్పుకున్నందుకు వైద్యం ఆపకూడదు. మందులు పరీక్షించే పరిశోధన అయితే అది సీటీఆర్ఐ అనే సర్కారీ రిజిస్టర్‌లో నమోదై ఉండాలి, 2009 జూన్ 15 నుంచి అది తప్పనిసరి, నంబరు అడిగి ఫోన్‌లోనే వెతుక్కోవచ్చు. గడ్చిరోలికి రమ్మంటే మాత్రం ఆలోచించండి. ఆలాపల్లి మీదుగా రెండు వందల కిలోమీటర్లు, ఎస్టీ బస్సులో, అంటే మహారాష్ట్ర సర్కారీ బస్సులో, వెళ్లి రావడానికి మిర్చి ఏరే రోజుల్లో రెండు కూలీలు పోతాయి. ఛార్జీలు, పోయిన కూలి ఇవ్వొచ్చని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది, అడగడానికి మొహమాటపడకండి.

ఇంతవరకు బాగానే ఉంది. నాకు నచ్చనిది ఆ తర్వాత జరిగేది. రక్తం తీసే రోజు బండి వస్తుంది, బ్యానర్ కడతారు, సర్పంచ్‌తో ఫోటో దిగుతారు, మర్నాడు మరాఠీ పేపర్‌లో వార్త వస్తుంది. ఫలితం సంగతి? కొన్ని నెలల తర్వాత ఒక రంగు కార్డు వస్తుంది, దాని మీద మరాఠీలో "వాహక" అని ఉంటుంది. మా పక్కింటి అమ్మాయికి అట్లాగే వచ్చింది. వాళ్ల నాన్న కార్డు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చి, "ఏంది టీచరమ్మా, నా బిడ్డని కండక్టర్ చేసిండ్రా?" అన్నాడు. ఎస్టీ బస్సులో డ్రైవర్ సీటు వెనక చాలక్, వాహక్ అని రాసి ఉంటుంది కదా, ఆయనకు తెలిసిన వాహక్ అదొక్కటే. ఇద్దరం నవ్వుకున్నాం. రెండు నెలలకు మహదేవ్‌పూర్ వైపు నుంచి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది, అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. వాహక అంటే ఆ జబ్బు గుణాన్ని ఒంట్లో మోసేది అంతే, ఆ పిల్లకు రోగం లేదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతేనే ప్రతి కాన్పులో బిడ్డకు రోగం వస్తుందని నాలుగింట ఒక వంతు భయం. పెళ్లికొడుకుకు ఒక్క పరీక్ష చేయిస్తే తేలిపోయే ఈ సంగతిని కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. కార్డు మాత్రం ఇంటికి వచ్చింది. అంతకుముందే పేపర్‌లో ఊరి పేరుతో సహా, ఫలానా ఊళ్లో ఇంతమందికి సికిల్ అని పడింది.

కాబట్టి నా లెక్కలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఒకటే: ఫలితం మన ఊరికి ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో చెప్తారు? మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక ఊళ్లో తిరిగే పని. ఆరోగ్యదూత్ అనండి, వాలంటీర్ అనండి, దీన్ని చిన్నచూపు చూసేవాళ్లకు మన జిల్లా కథే జవాబు. అభయ్ బంగ్, రాణి బంగ్ 1986లో గడ్చిరోలిలో మొదలుపెట్టిన సెర్చ్ అనే సంస్థ వాళ్లు 39 ఊళ్లలో మామూలు పల్లె ఆడవాళ్లకు పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టడం, బరువు తూచడం, జబ్బు చేస్తే గుర్తుపట్టి మందు ఇవ్వడం నేర్పారు. ఇంకో 47 ఊళ్లతో పోల్చి చూస్తే మూడో ఏడాదికి నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి, అది 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇప్పుడు దేశమంతా ఆశా కార్యకర్త కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుందంటే దాని మూలం ఇక్కడే ఉంది. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. సెర్చ్ వాళ్లు ఉండే శోధగ్రామ్‌లో దవాఖాన కట్టేముందు గోండు వాళ్లను అడిగి, వాళ్లు చెప్పినట్టే గుడిసెల తీరులో కట్టి, వాళ్ల దంతేశ్వరి తల్లి పేరే పెట్టారు. ముందు జనాన్ని అడగడమంటే అదీ.

అయితే ఆ కథ చూసి ప్రతి చోటా అట్లాగే ఉంటుందనుకుని నేను వేరే ఒక దవాఖాన పరిశోధన కోసం తిరగడానికి ఒప్పుకున్నాను. పని నచ్చింది. మన ముఖం చూసి తలుపు తీస్తారు, చాయ్ పోస్తారు, డాక్టరుకు చెప్పనిది మనకు చెప్తారు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నా చేతిలో పెట్టిన తెలుగు కాగితంలో. ఏ మిషన్ తర్జుమా చేసిందో గానీ, "మీ రక్త నమూనా సేకరించబడుతుంది" అని ఉంది. పుస్తకాల తెలుగులో తప్పేమీ లేదు. కానీ మన దగ్గర నమూనా అంటే సర్కారీ ఫారం: తలాఠీ (పట్వారీ) దగ్గర తెచ్చుకునే భూమి కాగితం సాత్‌బారా, గ్రామపంచాయతీలో ఇంటి పన్నుకు నమూనా ఎనిమిది. నేను కాగితం చదువుతుంటే ఒక పెద్దాయన మధ్యలోనే లేచి లోపలికి వెళ్లి, ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది, ప్లాస్టిక్ కవరులో మడతలు చిరిగిన సాత్‌బారా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇగో నమూనా, జిరాక్స్ తీసుకొని వాపస్ ఇయ్యి బిడ్డా" అన్నాడు. ఆ వీధిలో మూడిళ్లలో అదే కథ. నాలుగో ఇంట్లో భూమి గుంజుకోవడానికి వచ్చామని తలుపు వేసేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అప్పటికి సంతకం పెట్టినవాళ్లలో ఎంతమంది దేనికి పెట్టారో అని.

మర్నాడు సూపర్‌వైజర్‌కు చెప్పాను. పాపం మంచి పిల్లాడే, "మేడమ్, కమిటీ పాస్ చేసిన ఫారం ఇది, ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ కమిటీకే పోవాలి" అన్నాడు. నిజమే, రూల్ అదే. తిరిగేవాళ్లం మాట మోసుకెళ్లగలం గానీ మాట మార్చలేం. తప్పు మాట మోసినందుకు తిట్లు మాత్రం మనకే.

అందుకే కమిటీ. ఎథిక్స్ కమిటీ అంటే దవాఖానలో జరిగే ప్రతి పరిశోధన కాగితాన్ని మొదలుపెట్టక ముందే చూసే పదీ పదిహేను మంది. ఏడుగురికి తక్కువ ఉండకూడదు, సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లై ఉండాలి, ఒక లాయరు, ఒక మామూలు మనిషి, కనీసం ఒక ఆడమనిషి ఉండాలి. ఆ మామూలు మనిషికి ఐసీఎంఆర్ చెప్పే లక్షణాలు చూస్తే అది మనలాంటివాళ్ల కోసమే పెట్టిన కుర్చీ అనిపిస్తుంది: చదువు వచ్చి ఉండాలి, గత ఐదేళ్లలో వైద్యరంగంలో పని చేసి ఉండకూడదు, అక్కడి భాష, కట్టుబాట్లు తెలిసి ఉండాలి. 2019లో వచ్చిన కొత్త మందుల రూల్స్ ప్రకారం మందు పరీక్షించే ఫైలు ముందుకు కదలాలంటే ఆ మనిషి సమావేశంలో ఉండి తీరాలి, మిగతా డాక్టర్లు అందరూ వచ్చినా సరే. ఇంత బలం ఇంకే వాలంటీర్ పనిలోనూ లేదు, చాలామందికి ఇట్లాంటి కుర్చీ ఒకటి ఉందనే తెలియదు.

మొదటి సమావేశంలో నేను నోరు విప్పలేదు. ఎనభై పేజీల ఇంగ్లిష్ ఫైళ్లు నాలుగు, పోహా తిని సంతకం పెట్టి వచ్చేశాను, ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. రెండోసారి సిరోంచ వైపు చేసే ఒక పరిశోధన ఫైలు వచ్చింది. అందులో మరాఠీ ఫారం ఉంది, తెలుగు ఫారం కూడా జోడించారు, అందరూ తలూపారు. నేను అడిగాను, ఈ తెలుగు ఎవరు చదువుతారు అని. మనవాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు వచ్చేది నది అవతల నుంచి వచ్చిన కోడళ్లకు, కొద్దిమంది ముసలివాళ్లకు. మరాఠీ ఫారం ఇస్తే చదువుతారు గానీ సగమే అర్థమవుతుంది, తెలుగు ఫారం ఇస్తే అసలు చదవలేరు. ఒక డాక్టరుగారు అయితే ఏం చేద్దాం అన్నారు, కొంచెం విసుగ్గానే. మన మాటలనే మరాఠీ అక్షరాల్లో రాయండి అన్నాను, దాంతోపాటు ఫోన్‌లో వినిపించేలా రికార్డు చేసి ఇవ్వమన్నాను. నమూనా తీసేసి "సూదితో ఒక చెంచా రక్తం తీస్తాం" అని పెట్టించాను.

దానికంటే కష్టపడింది ఫలితం దగ్గర. పేపర్‌కు వార్త ఇచ్చేముందు ఊళ్లో కూర్చుని చెప్పాలి, వార్తలో ఊరి పేరు ఉండకూడదు, ఈ రెండు వాక్యాలు ఫైల్లో ఎక్కడానికి మూడు సమావేశాలు పట్టాయి. జర్నల్‌వాళ్లు ప్రాంతం పేరు అడుగుతారన్నారు, చివరికి తాలూకా పేరు వరకు రాయొచ్చని తేలింది. మా పక్కింటి అమ్మాయి కార్డు సంగతి అక్కడ చెప్పాను, పేరు చెప్పకుండా. లాయరుగారు ఒక్కరే నా వైపు మాట్లాడారు, మొదట్లో.

ఇందులోనూ లోపాలు ఉన్నాయి. రోజంతా పోతుంది, రాత్రి ఫైళ్లు చదవాలి, అడగడం మానేస్తే మనం రబ్బరు స్టాంపు అవుతాం, మనల్ని పిలిచేదే అందుకని అనుమానించేవాళ్లూ ఉన్నారు. పైగా కుర్చీలు తక్కువ, అందరికీ దొరకవు. రిటైరైన టీచర్లు, పోస్టుమాస్టర్లు, బ్యాంకులో పని చేసినవాళ్లు దగ్గర్లోని మెడికల్ కాలేజీకి ఒక ఉత్తరం రాసి చూడండి, బయటి మనుషుల కోసం వాళ్లూ వెతుకుతూనే ఉంటారు. పన్నెండో తరగతి అయి ఇంట్లో ఉన్న ఆడపిల్లలకైతే ఊళ్లో తిరిగే పనే చెప్తాను, చేతికి కొంత డబ్బు వస్తుంది, నేర్చుకునేదీ ఎక్కువే. పాలు పోసే ఆమెకు రక్తం ఇవ్వమనే చెప్పాను, ఫలితం ఎవరు చెప్తారో అడిగి మరీ.

మిగతావి: దవాఖాన వాట్సాప్ గ్రూపులో ఉండండి, శబ్దం ఆపి పెట్టుకోండి, పుట్టినరోజు శుభాకాంక్షలే ఎక్కువ. చందా ఇస్తే రసీదు తీసుకోండి. కాలేజీ పిల్లలకు సెర్చ్ వాళ్ల నిర్మాణ్ శిబిరాలున్నాయి, 2006 నుంచి నడుస్తున్నాయి.

ఇది రాస్తుండగా అంకీస నుంచి ఫోన్. "అత్తమ్మా, ఫారం ఇచ్చిండ్రు, చదివిన. నమూనా లేదు గానీ, మిగిలిన రక్తం దాచుకొని వేరే పరిశోధనకు వాడుకోవచ్చా అని ఒక డబ్బా ఉంది, దాంట్ల ముందే టిక్కు కొట్టి ఉంది." అవును, కాదు అని రెండు డబ్బాలుండాలి, టిక్కు మనం కొట్టాలి. ఫోటో పంపమన్నాను. చూస్తే అది మా కమిటీ చూసిన కాగితం కాదు, కింద వేరే కమిటీ ఫోన్ నంబరు ఉంది. ఆ నంబరుకే చెయ్యమన్నాను. రెండుసార్లు చేశాడట, ఎవరూ ఎత్తలేదు. రేపు పదకొండు దాటాక దుకాణంలో గిరాకీ తగ్గుతుంది, అప్పుడు మళ్లీ చేస్తానన్నాడు, సంతకం మాత్రం అంతదాకా పెట్టనన్నాడు.