పాత లేతుకు సెన్సర్లా, కొత్త సీఎన్‌సీయా: చిన్న పరిశ్రమకు ఏది మేలు?

హైదరాబాద్ పారిశ్రామిక వాడల్లో, జీడిమెట్లలో అయినా, బాలానగర్‌లో అయినా నలుగురు షెడ్డు యజమానులం కలిస్తే ఈ మధ్య మాట ఒక్కచోటికే వస్తోంది. ఉన్న యంత్రాలకు సెన్సర్లు బిగించుకుందామా, అప్పు చేసైనా కొత్త సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో తనంతట తాను లోహాన్ని కోసే యంత్రం) తెచ్చుకుందామా? మొన్న వేసవిలో మేమూ ఈ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. మూడు హెచ్‌ఎంటీ కంపెనీ లేతులు (లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రాలు), ఒక మిల్లింగ్ యంత్రం, పైపుల్లోకి ఒత్తిడి గాలి పంపే ఒక స్క్రూ కంప్రెసర్, పదకొండు మంది మనుషులు. పంపులకు షాఫ్టులు, బుష్‌లు చేసే షెడ్డు మాది. మేము సెన్సర్ల వైపు మొగ్గాం. ఎందుకో చెబుతాను, మేము వదులుకున్నదేమిటో కూడా చెబుతాను.

అందరూ ముందు ధర అడుగుతారు. మాకు వచ్చిన కొటేషన్లలో కొత్త సీఎన్‌సీ ఇరవై లక్షలు దాటింది. ఐదు యంత్రాలకు కరెంటు మీటర్లు, కంపనాన్ని పట్టే సెన్సర్లు, షాపులో ఒక తెర అన్నీ కలిపి రెండు లక్షల లోపు అయ్యాయి. అయినా ధరను బట్టి తేల్చుకోవద్దనే అంటాను. చేతినిండా ఆర్డర్లుంటే ఇరవై లక్షల యంత్రం తన వాయిదాలు తానే కట్టుకుంటుంది. ఆర్డర్లు లేకపోతే రెండు లక్షలూ దండగే.

సీఎన్‌సీకి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. మొదటి పీసు ఎలా వచ్చిందో ఐదు వందవ పీసూ అలాగే వస్తుంది. చుట్టూ తలుపు ఉంటుంది కాబట్టి కోతను చల్లబరిచే కూలెంట్ ద్రవం నేలమీద పారదు, నూనె ఆవిరి మనిషి ముక్కులోకి అంతగా పోదు. ఆదిభట్లలోని విమాన విడిభాగాల సంస్థలకు సరఫరా చేయాలనుకునేవారికి అసలు ఈ చర్చే అక్కర్లేదు. వాళ్లు అడిగే అంత కచ్చితమైన కొలతలు పాత లేతు మీద రోజూ పట్టుకోవడం కుదిరే పని కాదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఐటీఐ చదివిన కుర్రాళ్లు మా షెడ్డుకు వచ్చి మొదట అడిగేది "సీఎన్‌సీ ఉందా సార్?" అనే. లేదంటే రెండో నెలకు ఉండరు. ఇది చిన్న లోటు కాదు.

ఇక కరెంటు సంగతి. ఇక్కడ నా అంచనాలు తలకిందులయ్యాయి. కొత్త యంత్రం కొంటే కరెంటు ఆదా అవుతుందని అమ్మేవారు చెబుతారు, నేనూ నమ్మాను. సెన్సర్లు బిగించిన మొదటి వారంలో కంప్రెసర్ గ్రాఫు చూస్తుంటే ఒక విషయం కంట పడింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా అందరూ భోజనాలకు వెళతారు, గాలి వాడే మనిషే ఉండడు. ఆ అరగంటలోనూ కంప్రెసర్ రెండు నిమిషాలకోసారి గాలి నింపడానికి లోడు తీసుకుంటోంది. మరునాడు భోజనాల వేళకు షెడ్డులో కంప్రెసర్ తప్ప అన్నీ ఆపించి, సబ్బు నీళ్ల సీసా పట్టుకుని పైపు వెంట నడిచాం. మిల్లింగ్ యంత్రం వెనక, గోడకూ పైపుకూ మధ్య చెయ్యి కష్టంగా దూరే సందులో ఒక కప్లింగ్ దగ్గర నురగ గుప్పున పొంగింది. ఏళ్ల తరబడి లేతుల మోతలో ఆ బుసబుస మాకెవరికీ వినపడలేదు.

ఏడు బార్ల పీడనం మీద మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే ఆ పోయే గాలి కోసం కంప్రెసర్ దాదాపు మూడు కిలోవాట్లు తింటుంది. రెండు షిఫ్టులు, ఏడాదికి మూడు వందల రోజులు అనుకుంటే 14,400 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలకు వేసినా లక్షా పదిహేను వేలు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఒక్క రంధ్రం నుంచి ఏడాదికి పది టన్నులు. మేము సీఎన్‌సీ కొని ఉంటే దాన్నీ ఆ పైపుకే తగిలించేవాళ్లం. రంధ్రం అక్కడే ఉండేది.

పర్యావరణం పేరుతో పాత యంత్రాన్ని తుక్కుకు పంపేవారు దాని బెడ్డు (యంత్రం మొత్తాన్ని మోసే బరువైన అడుగు భాగం) వైపు ఒకసారి చూడాలి. ఆ పోత ఇనుము ఒకసారి కరిగించి పోసినది. గీతలు పడితే గ్రైండింగ్ చేయించుకుని మరో పాతికేళ్లు వాడుకోవచ్చు. కొత్త యంత్రంలో బెడ్డు గట్టిదే, కానీ దాన్ని నడిపే కంట్రోల్ బోర్డు ఆయుష్షు తక్కువ. బోర్డు దొరకడం ఆగిపోయిన రోజు టన్నుల ఇనుము పని లేకుండా కూర్చుంటుంది.

అయితే ఇవేవీ నా నిర్ణయాన్ని తేల్చలేదు. అలారం మోగినప్పుడు అది ఎవరికి వినపడుతుంది, సరిచేసే చెయ్యి ఎంత దూరంలో ఉంది? నాకు తేలింది ఇక్కడ.

జపాన్‌లో టొయోడా సకిచి 1924లో పూర్తిచేసిన జీ రకం మగ్గం దారం తెగగానే తనంతట తాను ఆగేది. మగ్గం ఆగితే పక్కనున్న మనిషి వచ్చి ముడివేసేవారు. అందుకే ఒక్కరు ఎన్నో మగ్గాలు చూసుకోగలిగారు. యంత్రం తప్పు పట్టుకోవడం, మనిషి దాన్ని దిద్దడం, రెండూ ఒకేచోట జరిగాయి.

మా మొదటి ప్రయత్నంలో సరిగ్గా అదే లేదు. సెన్సర్లు పెట్టిన సంస్థ తెరను నా గదిలో బిగించింది, లెక్కలన్నీ తన సర్వర్లలో దాచుకుంది. ఏ లేతు ఎన్ని నిమిషాలు ఆగిందో నాకు కనిపించేది, నడిపే మనిషికి కనిపించేది కాదు. ఇది తమ మీద నిఘా అని వాళ్లు అనుకున్నారు, అనుకోవడంలో తప్పు లేదు. నెలవారీ రుసుము ఆపిన రోజున నాలుగు నెలల లెక్కలూ మాయమయ్యాయి. తర్వాత బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదివిన ఒక కుర్రాడు అవే సెన్సర్లను మా షెడ్డు కంప్యూటర్‌కు కలిపి, తెరను లేతుల మధ్యకు మార్చి, అక్షరాలు తెలుగులో పెట్టాడు. యంత్రం ఆగితే కారణం చెప్పడానికి మూడు మీటలు: సరుకు లేదు, టూలు మార్పు, కరెంటు పోయింది. నెల తిరిగేసరికి ఎక్కువగా నొక్కింది మొదటి మీటే. సరుకు వేళకు తెప్పించాల్సింది నేను. యంత్రం ఎందుకు ఆగిందని నేను పనివాళ్లను అడగాల్సిన ప్రశ్న కాస్తా వాళ్లు నన్ను అడగాల్సినదైంది.

మా సీనియర్ ఆపరేటర్‌ను అందరం బాబాయ్ అంటాం. రెండో లేతు హెడ్‌స్టాక్‌లో (పీసును పట్టి తిప్పే భాగంలో) మోత మారిందని ఆయన సంక్రాంతి నుంచి చెబుతూనే ఉన్నారు. పని ఒత్తిడిలో నేను వినలేదు. కంపనం గ్రాఫు పైకి లేచాక విప్పి చూస్తే బేరింగ్ గోళీల దారి పొరలు లేచి ఉంది. ఒక్క పూటలో మార్చేశాం. సెన్సరు ఆయన ఉద్యోగం తీసెయ్యలేదు, ఆయన మాటకు సాక్ష్యం తెచ్చింది. అదే సీఎన్‌సీ కొని ఉంటే మూడు లేతుల దగ్గర ఇద్దరికి పని లేకుండా పోయేది; ఆ ఇద్దరిలో మొదటి పేరు ఆయనదే అయ్యేది.

మిగతా దారుల గురించి రెండు మాటలు. విదేశాల్లో వాడేసిన సీఎన్‌సీ చౌకగా వస్తుంది, విడిభాగం కావాల్సి వచ్చిన రోజున ఏడిపిస్తుంది. పాత లేతుకే కంప్యూటర్ చెప్పినంతే తిరిగే సర్వో మోటార్లు బిగించి సీఎన్‌సీగా మార్చడం మంచి మెకానిక్ ఉన్నవారికి మాత్రమే. రోబోల మాటంటారా, 2023లో దేశం మొత్తం మీద కొత్తగా పెట్టిన పారిశ్రామిక రోబోలు 8,510. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా వాహన పరిశ్రమకే పోయింది. పదకొండు మంది షెడ్డుకు ఇప్పట్లో దానితో పని లేదు.

ఒకే పీసు వేలల్లో చేసే ఆర్డరు చేతికి వస్తే మేమూ సీఎన్‌సీ కొంటాం. ఆ కొటేషన్ ఇంకా నా సొరుగులోనే ఉంది. ఆ యంత్రాన్ని నడపాల్సిన మనిషిని మాత్రం బయటి నుంచి తేదలచుకోలేదు. బాబాయ్ వచ్చే ఏడాది మానేస్తారు. మా హెల్పర్ కుర్రాడిని ఇప్పటి నుంచే ఆయన పక్కన నిలబెట్టాం. గ్రాఫు కదిలినప్పుడల్లా ఆయన వాడిని పిలిచి, తెర చూపించే ముందు హెడ్‌స్టాక్ మీద చెయ్యి పెట్టిస్తున్నారు.