రాయగడలో పాత సామాన్లు కొని అమ్మడం: ఏళ్ల తరబడి చేశాక రాస్తున్న సమీక్ష

సెకండ్ హ్యాండ్ సామాన్లు కొని అమ్మడంలో డబ్బుంది, కానీ ఉద్యోగం మానేసేంత లేదు. ఒడిశాలోని మా రాయగడ లాంటి ఊళ్లో, చేతిలో ఇంకో పని ఉన్నవాళ్లకి మామూలు నెలలో ఐదారు వేలు, మంచి సీజన్‌లో పదిహేను వేల దాకా మిగులుతుంది. కొన్ని నెలలు ఏమీ మిగలదు. నేను పగలు ఒక హార్డ్‌వేర్ దుకాణంలో లెక్కలు రాస్తాను. సాయంత్రాలు, ఆదివారాలు ఈ పని చేస్తాను. కోవిడ్‌కి ముందు మొదలుపెట్టాను, ఇప్పటికీ వదల్లేదు. సైడ్ బిజినెస్‌గా దీనికి ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ పోయిన ఒకటిన్నర ఎందుకో కూడా చెబుతాను.

ఇక్కడ ఈ పని నడవడానికి కారణం ఊరి స్వభావమే. జేకేపూర్‌లో పేపరు మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, తికిరి వైపు అల్యూమినా ఫ్యాక్టరీ, పైగా రైల్వే, బ్యాంకులు, కలెక్టరేటు. రెండు మూడేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్లు అయ్యే కుటుంబాలు వందల్లో ఉంటాయి. భువనేశ్వర్‌కో అంగుల్‌కో బదిలీ అయినవాళ్లు పదేళ్ల ఫ్రిజ్‌ని లారీ ఎక్కించాలంటే దాని ధర కంటే కిరాయే ఎక్కువ పడుతుంది. అటు గుణుపురంలో ఇంజనీరింగ్ పిల్లలు ఏటా వేసవిలో రూములు ఖాళీ చేస్తారు. మంచం, కూలర్, స్టడీ టేబుల్, సైకిల్, ఇండక్షన్ స్టవ్ అన్నీ రెండు రోజుల్లో వదిలించుకోవాలి. ఇంకోపక్క కొత్తగా పెళ్లయి వేరు కాపురం పెట్టినవాళ్లు, పల్లెల నుంచి పిల్లల చదువుకోసం ఊళ్లోకి వచ్చినవాళ్లు, పదిహేను వేలు పెట్టి కొత్త ఫ్రిజ్ కొనలేనివాళ్లు బోలెడుమంది ఉన్నారు. వీళ్లకీ వాళ్లకీ మధ్య ఒక ట్రాలీ ఆటో, ఒక మంచి మెకానిక్, సామాను నాలుగు రోజులు పెట్టుకోడానికి ఒక గది కావాలి. నేను చేస్తున్నది ఆ మూడూ సమకూర్చడమే.

లాభం అమ్మేచోట కాదు, కొనేచోటే వస్తుంది. దీనికో లెక్క చెబుతాను. ఒక సింగిల్ డోర్ ఫ్రిజ్ 3,500కి కొన్నాను. ట్రాలీ ఆటోకి 400, ఎత్తి దింపిన ఇద్దరికి 300, తలుపు రబ్బరు, థర్మోస్టాట్ మార్చినందుకు 900. మొత్తం 5,100 అయింది. 6,500కి అమ్మాను. మిగిలింది 1,400. అదే ఫ్రిజ్‌ని మొహమాటపడి 4,500కి కొని ఉంటే మిగిలేది 400, అంటే నా ఆదివారం కూలి కూడా రాదు. అమ్మే ధర మన చేతిలో ఉండదు. కొత్త ఫ్రిజ్ ధరలో సగం దాటి అడిగితే "ఇంకొంచెం వేసుకుని ఈఎంఐలో కొత్తదే తీసుకుంటాం భాయ్" అని వెళ్లిపోతారు. అందుకే కొనేముందే అమ్మే ధర అనుకుని, ఖర్చులు తీసేసి, నాకు మిగలాల్సింది తీసేసి, మిగిలినదే చెబుతాను.

ఈ లెక్క అమ్మేవాళ్లకి దాచను. ఒక బ్యాంకు ఆఫీసరుగారింట్లో ఆవిడ, "బాబూ, ఈ ఫ్రిజ్ మా పెద్దాడు పుట్టినప్పుడు కొన్నాం, మరీ అంత తక్కువకి అడుగుతావేంటి?" అన్నారు. "అమ్మా, నేను తీసుకెళ్లి దీనికి ఇంత ఖర్చు పెట్టాలి, ఇంతకి అమ్ముడుపోతుంది, నాకు ఇంత ఉంటుంది" అని కాగితం మీద రాసి చూపించాను. ఆవిడ లోపలికెళ్లి వాషింగ్ మెషిన్ బిల్లు కూడా తెచ్చి, దాన్నీ తీసుకెళ్లమన్నారు. తర్వాత ఆ క్వార్టర్స్‌లో ఎవరికి బదిలీ అయినా నాకే ఫోన్ వస్తోంది. ఏ యాప్‌లోనూ దొరకని సరకు ఇలా నోటిమాట మీద దొరుకుతుంది.

ఇక సరకుల సంగతి. ఫ్రిజ్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే డబ్బు వచ్చేదీ పోయేదీ దానిమీదే. చూడ్డానికి వెళ్లే రోజు పొద్దున్నే ఫోన్ చేసి, నేను వచ్చే నాలుగైదు గంటల ముందు ఆపి ఉంచమంటాను. వెళ్లగానే వెనక్కి చెయ్యి పోనిచ్చి కంప్రెసర్‌ని తాకుతాను. చల్లగా ఉండాలి. వేడిగా ఉందంటే అప్పటిదాకా నడిపి ఉంచారన్నమాట, అది మొదటిసారి ఎలా స్టార్ట్ అవుతుందో మనకి తెలియదు. చల్లగా ఉంటే ప్లగ్గు పెట్టిస్తాను. టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ టక్కుమంటుంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే అయినా పోయి ఉండాలి, కంప్రెసర్ అయినా చివరికొచ్చి ఉండాలి. సాఫీగా నడిస్తే అరగంట పైనే అక్కడే కూర్చుంటాను. ఫ్రీజర్ గోడలన్నిటికీ చల్లదనం ఒకేలా పట్టాలి. ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందని అర్థం.

అన్నిటికంటే ముఖ్యం, ఫ్రీజర్ లోపల టార్చ్ వేసి చూడడం. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టినప్పుడు చాలామంది చాకుతో పొడిచి తీస్తారు. ఆ పల్చటి అల్యూమినియం గోడలోనే గ్యాస్ వెళ్లే దారి ఉంటుంది. సూది మొనంత చిల్లు పడితే చాలు, గ్యాస్ అంతా పోతుంది. అతికించి గ్యాస్ నింపి అమ్మేవాళ్లుంటారు, కొన్ని వారాలు బాగానే నడుస్తుంది. ఫ్రీజర్‌లో చాకు గీతలు కనిపిస్తే జాగ్రత్తగా చూస్తాను, అతుకు మరక కనిపిస్తే బేరమే ఆడను. తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూస్తాను. నోటు జారిపోతే రబ్బరు మార్చాలి, అది చిన్న ఖర్చే. కంప్రెసర్ మీద స్టిక్కర్‌లో ఆర్ 600ఏ అని ఉంటే అది మండే గ్యాస్, తెలిసిన మెకానిక్కే ముట్టుకోవాలి. ఇంటికి తెచ్చాక నిలబెట్టి కొన్ని గంటలు వదిలేసి అప్పుడే ఆన్ చేయాలి. దారిలో పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి వెళ్తుంది, అది వెనక్కి దిగాలి.

కూలర్లది వేరే లెక్క. అక్టోబరు, నవంబరులో ఎవరూ అడగరు, అప్పుడు కొనాలి. మార్చి చివరి నుంచి వెతుక్కుంటూ వస్తారు. కొత్త గడ్డి ప్యాడ్లు, అవసరమైతే ఒక పంపు వేస్తే సరిపోతుంది. ఇనుప బాడీ అయితే అడుగున తుప్పు గీకి చూడాలి. కానీ ఐదు నెలలు దాచే చోటు కావాలి. గది అద్దెకి తీసుకుని దాచితే కూలర్ లాభం అద్దెకే పోతుంది. మా ఇంటి వెనక రేకుల షెడ్డు లేకపోతే నేను కూలర్ల జోలికి వెళ్లేవాణ్ని కాదు.

ఫర్నిచర్‌లో టేకు మంచాలు, స్టీలు బీరువాలు నిశ్చింతగా కొంటాను. బీరువాకి తాళం, తలుపు కీళ్లు సరిగ్గా ఉంటే చాలు, పెళ్లిళ్ల సీజన్‌లో నిలవ ఉండదు. పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్‌లు ఉచితంగా ఇచ్చినా తీసుకోను. వానాకాలంలో అడుగు ఉబ్బుతుంది, ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు పట్టవు. సోఫాలు, పరుపులు మొత్తానికే వద్దనుకున్నాను, కారణం నల్లులు. పట్టె సందుల్లో, కుట్ల వెంట నల్లటి చుక్కలు కనిపిస్తే చెక్క మంచాన్ని కూడా ఇంట్లోకి రానివ్వకూడదు. కొనేవాళ్లింటికి నల్లులు చేరాయంటే ఊళ్లో మళ్లీ మన దగ్గర ఎవరూ కొనరు.

ఫోన్లలో లాభం ఉందని అందరూ అంటారు. నా అనుభవంలో టెన్షనే ఎక్కువ. ధర వారం వారం పడిపోతుంది, దొంగ సరకు భయం వేరే. దొంగిలించిన వస్తువని తెలిసి, లేదా తెలుసుకోవాల్సిన పరిస్థితి ఉండి కూడా తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంటుంది. ఎవరైనా మొహమాటపెట్టి ఫోన్ ఇస్తే ముందు *#06# కొట్టి ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, చూస్తాను. ఇంగ్లీషులో KYM అని టైప్ చేసి ఖాళీ వదిలి ఆ 15 అంకెలు వేసి 14422కి మెసేజ్ పంపితే ఆ నంబరు బ్లాక్ అయిందో లేదో వస్తుంది. పాత గూగుల్ ఖాతా తీసేసి, ఫోన్ రీసెట్ చేసి నా ముందే ఆన్ చేసి చూపించాలి. ఇదంతా చేశాక మిగిలేది ఐదారు వందలు. అందుకే మానేశాను.

ల్యాప్‌టాప్‌లు మాత్రం గుణుపురం పిల్లల దగ్గర ఇప్పటికీ కొంటాను, కానీ ధర కట్టే పద్ధతి మారింది. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే కుదురుతుంది. ఏడో తరం, అంతకంటే పాతవి ఎంత శుభ్రంగా ఉన్నా తక్కువకే కొనాలి. కొనేవాళ్లకి కూడా ఆ మాట చెప్పే అమ్మాలి. ఇవి ఎక్కువగా టైపింగ్, జిరాక్స్ షాపులవాళ్లకి పోతాయి.

బళ్ల జోలికి వెళ్లొద్దనే చెబుతాను. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాలు కొని అమ్మే డీలర్లకి రవాణా శాఖ అధికార పత్రం తప్పనిసరి చేశారు. ఫారం 29, 30 పెట్టి పేరు మార్పించకుండా చేతులు మార్చిన బండితో ప్రమాదం జరిగితే బాధ్యత బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో పేరున్నవాళ్ల మీదే పడుతుంది. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆంధ్రాలోని పార్వతీపురం చుట్టాలు ఒడిశా నంబరు బండి చవకని అడుగుతారు. అటు తీసుకెళ్లి ఏడాది దాటి ఉంచుకోవాలంటే ఇక్కడ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, ట్యాక్స్ కట్టాలి. చవకన్న మాట అక్కడితో పోతుంది.

అమ్మడానికి యాప్‌లు వాడాను. పెద్ద ప్రకటనల యాప్‌లో ఫోన్ కాల్స్ ఎక్కువ వస్తాయి, కొనేవాళ్లు తక్కువ. సగంమంది ధర అడిగి మాయమవుతారు. మిలిటరీలో పనిచేస్తున్నానని, చూడకుండానే కొంటానని, అడ్వాన్స్ పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మన ఖాతాలోంచి పోతోందన్నమాటే. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. నా అమ్మకాల్లో ఎక్కువ భాగం వాట్సాప్ స్టేటస్ మీదే జరుగుతాయి. ఫొటో కింద ఒడియాలో రెండు లైన్లు, తెలుగులో రెండు లైన్లు రాస్తాను, ధర వేస్తాను, లోపం ఉంటే దాన్నే ముందు రాస్తాను. "కూరగాయల ట్రే పగిలింది, మిగతాదంతా బాగుంది" అని రాసిన ఫ్రిజ్, ఏమీ రాయని ఫ్రిజ్ కంటే త్వరగా పోతుంది. పదిహేను రోజుల్లో ఏదైనా అయితే మెకానిక్‌ని నేనే పంపిస్తాను. ఆ ఖర్చు నాదే.

ఒకటిన్నర మార్కులు తగ్గించింది ఇందుకు. నడుం నొప్పి నిజం, మూడో అంతస్తు నుంచి వాషింగ్ మెషిన్ దింపడం వయసులో ఉన్నవాళ్లకైనా కష్టమే. డబ్బు సరకులో ఇరుక్కుపోతుంది, ఇంట్లో అవసరం వచ్చినప్పుడు బీరువాని వెంటనే నోట్లుగా మార్చుకోలేం. మెకానిక్ మీద పూర్తిగా ఆధారపడాలి. ఆయనకి నేను రిపేరు కూలి కాకుండా అమ్మిన ప్రతి వస్తువు మీద ఇంత అని ఇస్తాను, అప్పుడే నాతో పాటు వచ్చి చూసి "వద్దు తమ్ముడూ, దీన్ని వదిలేయ్" అని చెప్పగలుగుతున్నాడు.

ప్రతి కొనుగోలుకీ అమ్మినవాళ్ల సంతకంతో ఒక కాగితం, దొరికితే పాత బిల్లు దాచుకుంటాను. మిగిలినదాన్ని వ్యాపార ఆదాయంగా ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపిస్తాను. ప్రభుత్వ ఉద్యోగులు ఇందులోకి దిగేముందు తమ సర్వీసు నిబంధనలు చూసుకోవాలి, అనుమతి లేకుండా వ్యాపారం చేయడానికి వీల్లేదు. జీఎస్టీ విషయంలో, ఒడిశాలో సరకుల అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ రాష్ట్రం దాటించి అమ్మితే ఆ వెసులుబాటు ఉండదు. అందుకే పార్వతీపురం నుంచి ఎంత అడిగినా అటు ట్రాలీ పంపను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఫ్రిజ్‌తో మొదలుపెట్టొద్దు. పది వేలు పెట్టుకుని, గుణుపురంలో ఫైనల్ ఇయర్ పరీక్షలు అయ్యే వారం అక్కడికి వెళ్లండి. ఇనుప మడత మంచాలు, స్టడీ టేబుళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు, టేబుల్ ఫ్యాన్లు కొనండి. కరెంటు రిపేరు పెద్దగా ఉండదు, ఒక్క ట్రాలీలో అన్నీ పడతాయి. కొత్త పిల్లలు రూములు వెతుక్కుంటూ వచ్చేదాకా ఓపిక పట్టండి. అప్పటిదాకా అవి వానకి తడవకుండా చూసుకోండి.