ఉపాధ్యాయుల ఆంగ్ల శిక్షణ తరగతులు: ఆరు వారాల అనుభవం

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యా సంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమం మొదలైనప్పుడు, డిగ్రీ దాకా తెలుగులోనే చదివి, ఏళ్ల తరబడి తెలుగులోనే గణితం చెప్పిన నాలాంటి వారికి దొరికిన మొదటి ఆసరా, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఆంగ్లం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకం. పాఠం చదివి వినిపించడానికి అది చాలు. పిల్లవాడు లేచి ప్రశ్న అడిగితే మాత్రం చాలదు. అందుకే గత వేసవిలో 3,500 రూపాయలు కట్టి, ఉపాధ్యాయుల కోసమే రూపొందించామని చెప్పుకునే ఒక ప్రైవేటు సంస్థ ఆన్‌లైన్ తరగతుల్లో చేరాను.

మొదటి మూడు వారాలూ స్వపరిచయం, టెన్స్‌లు, హోటల్లో భోజనం తెప్పించుకోవడం, ఇంటర్వ్యూకు వెళ్లడం వంటివాటితోనే గడిచిపోయాయి. ఉద్యోగంలో ఉన్నవారికి ఇంటర్వ్యూ పాఠం ఎందుకో నాకు అర్థం కాలేదు.

నాలుగో వారంలో వచ్చిన శిక్షకురాలు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని కావడం వల్ల కాబోలు, వ్యాకరణం పక్కన పెట్టి, ఒక్కొక్కరినీ ఐదు నిమిషాలు పాఠం చెప్పమన్నారు. నేను ఘాతాంకాలు ఎంచుకుని, ‘టూ టు ది పవర్ ఆఫ్ త్రీ’ ఎంత అని అడిగాను. విద్యార్థి పాత్రలో ఉన్న తోటి ఉపాధ్యాయుడు కావాలనే ‘సిక్స్ సార్’ అన్నారు. ‘నో, రాంగ్, సిట్ డౌన్’ అన్నాను. ఆమె అక్కడే ఆపి, ‘తెలుగు మీడియంలో అయితే ఏమనేవారు?’ అని అడిగారు. ‘ఎట్లా వచ్చింది నాన్నా, బోర్డు మీద చేసి చూపించు అనేవాణ్ణి మేడమ్’ అన్నాను. ఆ మాటే ఆంగ్లంలో అనమన్నారు. ‘హౌ డిడ్ యు గెట్ సిక్స్? షో మీ ఆన్ ద బోర్డ్.’ ఇందులో నాకు తెలియని పదం ఒక్కటీ లేదు, అయినా అది నోటికి రావడానికి నిమిషం పట్టింది. తర్వాత ‘పవర్’ మీదే అరగంట చర్చ నడిచింది: తెలుగులో గణితానికి ఘాతం, భౌతికశాస్త్రానికి సామర్థ్యం అని వేర్వేరు మాటలున్నాయి, ఆంగ్లంలో రెంటికీ పవరే, పైగా కరెంటు పోతే ‘పవర్ పోయింది’ అనే మాట పిల్లలు ఇంట్లో వింటూనే ఉంటారు.

ఇటువంటి తరగతులు మొత్తం ఆరు వారాల్లో రెండే జరిగాయి. బ్యాచ్‌లో నలభై మంది ఉండటంతో సగం మందికి పాఠం చెప్పే వంతే రాలేదు. ఇస్తామన్న రికార్డింగులు ఇంతవరకు ఇవ్వలేదు, సర్టిఫికెట్ మాత్రం చివరి రోజే వచ్చింది.

కొత్త బ్యాచ్‌లో చేరదలచిన ఉపాధ్యాయులు డబ్బు కట్టకముందే, తమ సబ్జెక్టు పాఠం తాము ఎన్నిసార్లు చెప్పాల్సి ఉంటుందో, దాన్ని విని సరిదిద్దేది ఎవరో అడిగి రాయించుకోవాలి. ఆ శిక్షకురాలే ఆరు వారాలూ చెబుతారంటే నేను మళ్లీ 3,500 కడతాను.